తలుపుకి అడ్డం పెట్టిన కర్ర

డ్వైట్ డెజార్లే హత్య ఒప్పుకున్నాడని చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఎలా ఒప్పుకున్నాడో విన్నాక అసలు నమ్మలేదు.

పోప్లర్ బెండ్ పోలీస్ స్టేషన్‌కి డిటెక్టివ్ అంటే నేనొక్కదాన్నే. పేరు ఐరీన్ వాసిలిక్. సైకిళ్ళ దొంగతనాలూ, బార్లో తలలు పగలడాలూ నాకు వదిలేస్తారు. హత్య అనేసరికి రాజధాని నుంచి సార్జెంట్ కీత్ మల్వేనీ దిగి, నా కుర్చీలోనే కూర్చుని, రెండు రోజుల్లో కేసు తేల్చేశాడు. ఆ మధ్యాహ్నం డ్వైట్‌ని తీసుకుపోవడానికి వ్యాను కూడా వాకిట్లో సిద్ధంగా ఉంది. వెళ్ళేలోగా ఒక్కసారి మాట్లాడతానని మా చీఫ్‌ని బతిమాలుకుని లోపలికి వెళ్ళాను.

చనిపోయింది లిల్యా ఎర్లెండ్‌సన్. మునిసిపాలిటీలో రిక్రియేషన్ ప్లానర్. ఊళ్ళో ఎవరు ఎక్కడ ఆడుకోవాలి, ముసలివాళ్ళకి ఏ పూట ఈత, పిల్లలకి ఎక్కడ స్కేటింగ్ అన్నీ ఆమె బల్ల మీద తేలాల్సిందే. పేటకొకటిగా ఉన్న ఆరుబయటి మంచు రింకులన్నీ తీసేసి, ఊరి మధ్యలో ఒకే పెద్ద క్రీడాభవనం కట్టాలని ప్లాను వేసింది. ఆ చలికాలమంతా ఊళ్ళో అదే రభస. ఆదివారం పొద్దున మేపుల్ వీధి రింకు పక్కనున్న షెడ్డులో, పిల్లలు కూర్చుని స్కేట్లు కట్టుకునే చోట, ఆమె శవం దొరికింది. గ్యాస్ హీటర్ పొగగొట్టం మంచుతో పూడుకుపోయి విషవాయువు లోపలే నిండిపోయింది. తలుపుకి బయటినుంచి హాకీ కర్ర అడ్డం పెట్టి ఉంది. కర్ర మీద నీళ్ళు పోసి గడ్డకట్టించి కూడా ఉంది. తలుపు లోపలి వైపు, కింద, గోళ్ళ గీతలున్నాయి.

లిల్యాని తను జడలు వేసుకునే వయసునుంచి ఎరుగుదును. ఆ గీతలు చూసొచ్చి కారులో కూర్చుని ఏడ్చాను. డిటెక్టివ్‌లు ఏడవరని ఎవరన్నారో గానీ, వాళ్ళు చిన్న ఊళ్ళో పనిచేసి ఉండరు.

డ్వైట్ బల్లకి అవతల తల వంచుకుని ఉన్నాడు. ఇళ్ళకి పైకప్పులు వేస్తాడు. సాయంత్రాలు మేపుల్ వీధి పిల్లలకి ఊరికే హాకీ నేర్పుతాడు. ఆ పెద్ద చేతుల కింద ఆ బల్ల పిల్లల బల్లలా ఉంది.

"తిన్నావా?" అన్నాను.

"సాండ్‌విచ్ పెట్టారు. నువ్వు చేసింది కాదులే."

"నేనైతే ఆలుగడ్డ కూరి ఉడికించిన పెరోగీలు తెచ్చేదాన్ని. సరే, ఎలా చంపావో చెప్పు."

"సార్జెంటుకి చెప్పాను."

"నాకూ చెప్పు. నాకు కాస్త బుర్ర తక్కువని ఆయనే అన్నాడు."

డ్వైట్ నవ్వలేదు. అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "మీటింగులో ఊరందరి ముందు అరిచాను కదా, నిన్ను ఆ షెడ్డులోనే పెట్టి మూసెయ్యాలని. ఆ కోపం ఉంది. శనివారం సాయంత్రం పిల్లలు ఇళ్ళకి పోయారు. ఆమె వచ్చింది. లోపలికెళ్ళాక తలుపేసి, కర్ర పెట్టి, నీళ్ళు పోశాను. ఇంటికెళ్ళిపోయాను."

"పొగగొట్టం పూడుకుందని నీకెలా తెలుసు?"

"తెలీదు. చలికి చస్తుందనుకున్నాను."

"హీటర్ వెలిగించి ఉండగా చలికి చస్తుందనుకున్నావు."

అతను గోడ కేసి చూశాడు.

"నీళ్ళు ఎక్కడివి?"

"నా థర్మాస్‌లోవి."

"డ్వైట్, నీ థర్మాస్‌లో నల్ల కాఫీ తప్ప ఇంకోటి పోయగా ఈ ఊళ్ళో చూసినవాళ్ళు లేరు. ఆ కర్ర మీది గడ్డ అద్దంలా ఉంది. కాఫీ పోస్తే అట్లా గడ్డకడుతుందా?"

అతని వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ఇంకోటి చెప్పు. నీళ్ళ సంగతి నువ్వు ఎత్తావా, సార్జెంట్ ఎత్తాడా?"

"ఏమో. గుర్తులేదు."

"నాకు గుర్తుంది. ఆయనే పొద్దున క్యాంటీన్లో గొప్పగా చెప్పుకున్నాడు. రోజంతా నేను కాదు మొర్రో అని మొత్తుకున్నవాడు, కర్ర మీద నీళ్ళు కూడా పోశావు కదరా అనగానే మొహం తెల్లబోయి, కాసేపు కళ్ళు మూసుకుని, ఒప్పేసుకున్నాడట. అంటే నీళ్ళ సంగతి నీకు అప్పుడే తెలిసింది. తెలిసీ తెలియగానే, చెయ్యని హత్య నెత్తినేసుకున్నావు. ఎవరి కోసం?"

"నన్ను తీసుకుపొమ్మను, ఐరీన్. వ్యాను వచ్చిందిగా."

"నీకు ఇద్దరు పిల్లలు. తెలుస్తోందా నీకు? నువ్వు తిరిగొచ్చేసరికి వాళ్ళకి పెళ్ళిళ్ళయిపోతాయి."

ఆ మాట తగిలింది. కళ్ళు ఎర్రబడ్డాయి. నేను గొంతు తగ్గించి అడిగాను. "ఆఖరికి ఆమె నీతో ఏమంది? అదొక్కటి నిజం చెప్పు. ఆమె నోట్లోంచి వచ్చిన చివరి మాటలు అవి. నీ దగ్గరే దాచుకుంటే ఎలా?"

గోడతో చెప్పినట్టు చెప్పాడు. "రింకు తియ్యటం లేదు డ్వైట్, ప్లాను మార్చాను, ఈ ఒక్కటీ ఉంచేస్తున్నాను అంది. కౌన్సిల్లో చెప్పేముందు ఒకళ్ళకి చెప్పాలి, వచ్చేదాకా లోపల కూర్చుంటానంది. సరే చలిలో నిలబడకు, హీటర్ దగ్గర కూర్చో అన్నాను. నేనే అన్నాను ఐరీన్, కూర్చోమని."

"ఎవరికి చెప్పాలంది?"

"నన్ను అడక్కు." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "కొన్ని తెలిస్తే మనిషి బతకలేడు. నన్ను తీసుకుపొమ్మను."

అప్పటికే నా మనసు ఒక చోటికి పోతోంది. వద్దే, అటు పోకు అని దాన్ని వెనక్కి లాగి, కారు తీసుకుని మేపుల్ వీధికి వెళ్ళాను. అప్పటికే చీకటి పడుతోంది.

ఆ షెడ్డుకి తాళం లేదు. మా ఊళ్ళో ఏ రింకు షెడ్డుకీ ఉండదు. తలుపు రింకు వైపుంది, బయటికి తెరుచుకుంటుంది. గాలికి కొట్టుకుపోకుండా, ఆఖర్న వెళ్ళేవాళ్ళు ఒక విరిగిన హాకీ కర్రని తలుపు పిడిలోంచి గోడ కొక్కెంలోకి దూర్చి పోతారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. కర్ర పెట్టకుండా ఉన్న తలుపు కనిపిస్తే దారిన పోయేవాడైనా ఆగి, పెట్టి, పోతాడు. ఈ సంగతి మల్వేనీకి మొదటి రోజే చెప్పాను. వినయంగా విని ఒక్క ప్రశ్న వేశాడు. "వీధి వైపు కిటికీ ఉంది కదా మేడమ్, లోపల దీపం వెలుగుతుంటే కర్ర పెట్టేవాడికి మనిషి ఉన్నట్టు తెలియదా?" అక్కడితో నా మాట వీగిపోయింది. ఆదివారం పొద్దున పిల్లల్ని తీసుకొచ్చి, బూటుతో ఆ గడ్డని తన్ని తలుపు తీసిన తల్లి కూడా దీపం వెలుగుతూనే ఉందని చెప్పింది.

పోలీసు టేపు దాటి లోపలికి అడుగుపెట్టాను. దీపం వెలిగింది. లోపల నేల మీది రబ్బరు చాపల వాసనా, తడి ఉన్ని వాసనా. గోడ పొడుగునా బెంచీ. మూల చల్లారిన హీటర్. ఎవరో పాప చేతితొడుగు ఒకటి మేకుకి వేలాడుతోంది, జతది లేదు. కిటికీ వీధి వైపు ఒక్కటే. రింకు వైపు కిటికీ పెట్టరు, ఆటలో హాకీ బిళ్ళ తగిలి అద్దం పగులుతుందని.

లిల్యా కూర్చున్న చోటే కూర్చున్నాను. కాళ్ళు హీటర్ వైపు పెట్టుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని. వచ్చేదాకా కూర్చుంటాను అన్న పిల్ల ఎలా కూర్చుంటుందో అలాగ. ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ ఉండి ఉంటుంది. మాటల్లేక నెలలయిన మనిషితో మొదటి మాట ఏమనాలో అని. అలా ఆలోచిస్తూ కదలకుండా ఉండిపోయాను.

దీపం ఆరిపోయింది.

బల్బు పోయిందనుకున్నాను మొదట. పైకి చూద్దామని తల ఎత్తగానే మళ్ళీ వెలిగింది. మళ్ళీ కదలకుండా కూర్చున్నాను. మళ్ళీ ఆరింది. వెలుగున్నప్పుడు పైకప్పు మూల తెల్లటి చిన్న బుడిపె కనిపించింది, కొత్తది. మనిషి కదిలితే వెలుగుతుంది, కదలకపోతే ఆరుతుంది. కరెంటు వృథా పోతోందని ఈ చలికాలం అన్ని షెడ్లకీ ఇలాంటివి పెట్టించిందెవరో నాకు తెలుసు. ఆ పని కూడా లిల్యాదే. చీకట్లో కదలకుండా అలాగే కూర్చుండిపోయాను.

సరిగ్గా అప్పుడే తలుపు భళ్ళున తీసి మల్వేనీ లోపలికొచ్చాడు. దీపం వెలిగింది.

"మీరు ఇక్కడుంటారని చీఫ్ చెప్పాడు. నా నిందితుడి బుర్ర పాడుచేసి వచ్చారట. ఇప్పుడు పిల్లల్ని తలుచుకుని ఏడుస్తున్నాడు, ఒప్పుకున్నదంతా అబద్ధమంటున్నాడు, లాయర్ కావాలంటున్నాడు. చాలా సంతోషంగా ఉందా మేడమ్?"

"దీపం ఎవరు వేశారు, సార్జెంట్ గారూ?"

"ఏంటి?"

"మీరు వచ్చేముందు ఇక్కడ చీకటిగా ఉంది. ఎవరు వేశారు?"

ఆయన పైకి చూశాడు, నా వైపు చూశాడు. తెలివైనవాడే, కాదనను. మొహంలో రంగు మారడం కనిపించింది.

"ఆ తల్లి తలుపు తీసింది కాబట్టి దీపం వెలిగింది," అన్నాను. "రాత్రంతా వెలిగి లేదు. లిల్యా హీటర్ దగ్గర కూర్చుంది, గాలి పాడై మత్తు కమ్మింది, కదలిక ఆగింది, దీపం ఆరింది. ఆ తర్వాత ఎవరో వచ్చారు. కిటికీ చీకటిగా ఉంది, తలుపుకి కర్ర లేదు. పిల్లలు మర్చిపోయారనుకుని పెట్టారు. మా ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు. నేనైనా చేసేదాన్ని."

"మరి గోళ్ళ గీతలు? ఆమె లేచింది. లేస్తే దీపం వెలగాలి."

"వెలిగే ఉంటుంది. కర్ర పెట్టినవాడు అప్పటికి రింకు వైపున్నాడు. అటు కిటికీ లేదు."

"ఉత్త కథ. మీ ఊళ్ళో ఒక్కడు కూడా చెడ్డవాడు కాకూడదు మీకు. అందరూ పెరోగీలు పంచుకునే దేవదూతలే." గొంతు పెంచాడు. "నీళ్ళ మాటేమిటి? కర్ర మీద నీళ్ళు పోసి గడ్డకట్టించడం కూడా అలవాటేనా?"

ఆయనే అడిగాడు కాబట్టి ఇక మనసుని వెనక్కి లాగడం నా వల్ల కాలేదు. గాలి మరీ ఎక్కువగా ఉన్న రోజు కర్ర కూడా నిలవదు. ఊడి పడుతుంది, తలుపు రాత్రంతా కొట్టుకుంటుంది. అలాంటప్పుడు కర్ర మీద ఒక చెంబెడు నీళ్ళు పోస్తారు. మా చలికి నిమిషంలో ఇనుపగడియ అయిపోతుంది. కానీ అది దారిన పోయేవాడు చేసే పని కాదు. అంత చలిలో వాడికి నీళ్ళెక్కడివి? రింకు పక్కనున్న కొళాయి పెట్టెకి తాళం ఉంటుంది. పిల్లలు ఇళ్ళకి పోయాక, భోజనం చేసొచ్చి, గొట్టంతో రింకుకి నీళ్ళు పట్టి మర్నాటికి మంచు నున్నగా చేసే మనిషి ఒక్కడి దగ్గరే ఆ తాళంచెవి ఉంటుంది. మేపుల్ వీధిలో పాతికేళ్ళుగా ఆ పని జీతం బత్తెం లేకుండా చేస్తున్నది ఒక్కడే.

హాల్డర్ ఎర్లెండ్‌సన్. లిల్యా తండ్రి.

డ్వైట్ నీళ్ళ మాట వినగానే కళ్ళు ఎందుకు మూసుకున్నాడో తెలిసింది. ఆమె ఎవరికోసం కూర్చుందో తెలిసింది. రింకు తీసేస్తానని కూతురు ప్లాను వేసినప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు లేవని ఊరందరికీ తెలుసు. క్రిస్మస్‌కి కూడా ఎవరింట్లో వాళ్ళే తిన్నారు. బెంచీ అంచు పట్టుకున్నాను.

"సార్జెంట్ గారూ, ఒక్క ఉపకారం చెయ్యండి," అన్నాను. "నీళ్ళ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు కదా. చెప్పకండి. ఈ పూటకి ఎవరికీ చెప్పకండి."

ఆయన చేతితొడుగులు సర్దుకున్నాడు. "తండ్రికి చెప్పాను."

"ఎప్పుడు?"

"ఇందాక. మధ్యాహ్నం. డ్వైట్ అలాంటివాడు కాదు, వదిలెయ్యండి అని స్టేషన్‌కొచ్చి కూర్చున్నాడు ముసలాయన. కూతుర్ని చంపినవాడి తరఫున తండ్రే మాట్లాడితే కోర్టులో నా కేసేం కాను? అందుకని వాడెంత కిరాతకుడో తెలియాలని చెప్పాను. కర్ర ఊడకుండా నీళ్ళు పోసి మరీ గడ్డకట్టించాడండీ, లోపల మీ అమ్మాయి తలుపు గీరుతుంటే, అని."

"ఏమన్నాడు?"

"కర్ర మీదా, అని అడిగాడు. అవునన్నాను. లేచి వెళ్ళిపోయాడు. టోపీ బల్ల మీద మర్చిపోయాడు." మల్వేనీ మాట నెమ్మదించింది. "ఎందుకు? ఆ నీళ్ళకీ ఆయనకీ ఏం సంబంధం?"

నేను అప్పటికే తలుపు దాటాను. మైనస్ ముప్ఫై డిగ్రీల చలిలో టోపీ లేకుండా వెళ్ళిన మనిషి ఎక్కడికి వెళ్ళి ఉంటాడు? నది గుర్తొచ్చింది, గరాజ్‌లో వేలాడే తాళ్ళు గుర్తొచ్చాయి. ఈ ఉద్యోగంలో చూసినవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

హాల్డర్ ఇల్లు అదే వీధి చివర. ముందు తలుపు వేసి ఉంది. వెనక్కి పరిగెత్తాను. వంటింటి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచు నేల మీద గుమ్మం నుంచి బల్ల దాకా పరుచుకుని ఉంది. ఆయన కోటు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. చెవులు తెల్లగా, మైనంలా అయిపోయాయి. బల్ల మీద ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన వంటకాలూ, పొరలు పొరల వీనార్టెర్టా కేకూ మూతలు కూడా తియ్యకుండా ఉన్నాయి.

బతికే ఉన్నాడు. దేవుడా అనుకున్నాను. తలుపు వెయ్యబోయాను.

"వెయ్యకు," అన్నాడు. "ఆ తలుపు అలా ఉండనీ."

దగ్గరికెళ్ళి నా టోపీ తీసి ఆయన తలకి పెట్టాను. పసివాడిలా పెట్టించుకున్నాడు. దారంతా నేను ఒక అబద్ధం తయారు చేసుకుంటూ వచ్చాను. పోలీసు ఉద్యోగంలో అంత శ్రద్ధగా ఏ అబద్ధమూ తయారు చెయ్యలేదు.

"హాల్డర్, ఆ సార్జెంట్ చెప్పింది నమ్మకండి. ఎవరో కుర్రకారు అల్లరికి చేసిన పని అది. బకెట్టుతో ఇంటినుంచి నీళ్ళు తెచ్చి..."

"ఐరీన్." కోటు లోపలినుంచి తాడు లాగి చూపించాడు. మెడలో కొళాయి పెట్టె తాళంచెవి. "నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పటినుంచీ రాదు. కూర్చో."

కూర్చున్నాను. 

"డ్వైట్‌ని ఇంటికి పంపెయ్యి. పిచ్చోడు. నా కోసం జైలుకి పోదామనుకున్నాడు. నేను వచ్చి చెప్తాను, ఏం రాసుకోవాలో రాసుకోండి." గొంతు చాలా మామూలుగా ఉంది. దానికే నాకు భయం వేసింది. "నువ్వు నాకొకటి చెప్పు. లిల్యా అక్కడికి ఎందుకొచ్చింది? రింకు కొలతలు తీసుకోడానికా? ఎలా పడగొట్టాలో చూసుకోడానికా? అలా అని చెప్పినా ఫర్వాలేదు. నాకు తెలియాలంతే."

చెప్పకపోతే ఆయన జన్మంతా తనని తాను అదే అడుగుతూ ఉంటాడు. చెప్తే ఏమవుతాడో తెలియదు. కానీ కూతురు చెప్పాలనుకున్న మాట అది, ఆయన కోసం దాచుకున్న మాట. దాన్ని నొక్కేసే హక్కు నాకుందనిపించలేదు.

"మీ కోసం వచ్చింది," అన్నాను. "రింకు ఉంచేస్తున్నానని మీకే ముందు చెప్పాలని. మీరు నీళ్ళు పట్టడానికి వస్తారని లోపల కూర్చుని ఎదురుచూసింది."

ఆయన తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోలేదు. గుమ్మంలో అడుగుల చప్పుడయింది. నా వెనకే వచ్చిన మల్వేనీ అక్కడే ఆగిపోయాడు, లోపలికి రాలేదు.

"గాలి గట్టిగా ఉంది ఆ రోజు," అన్నాడు హాల్డర్. "తలుపుకి కర్ర లేదు. పెట్టాను. గొట్టం తీసి నీళ్ళు పట్టడం మొదలెట్టాను. సగమయ్యేసరికి తలుపు కొట్టుకోడం వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. దగ్గరికొచ్చి చూశాను. కర్ర కదులుతోంది." నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"గాలి అనుకున్నాను, ఐరీన్. అందుకే నీళ్ళు పోశాను."